బాస్ బాక్సుల వాదన తేలేది కాలేజీ ల్యాబులోనే

ప్రశ్న: మాది చిత్తూరు. మా అబ్బాయి డిప్లొమా ఈసీఈ రెండో సంవత్సరం చదువుతూ, సెలవుల్లో ఒక సౌండ్ సిస్టమ్ షాపులో పనిచేస్తున్నాడు. బాస్ కోసం హార్న్ బాక్సులే (గరాటులా విచ్చుకునే నోరున్న స్పీకర్ పెట్టెలు) గొప్పవని వాడు, పోర్టు బాక్సులు (గాలి ఆడేందుకు గొట్టంలాంటి రంధ్రమున్నవి) చాలని యజమాని రోజూ వాదించుకుంటారు. ఇప్పుడు చదువు మానేసి బాక్సుల తయారీలోకే వెళ్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఇద్దరి మాటలోనూ సగం నిజముంది. మిగిలిన సగం తేలాలంటే మీ అబ్బాయి మానేస్తానంటున్న ఆ చదువే కావాలి.

లోతైన బాస్, అంటే 40 హెర్ట్జ్ (సెకనుకు 40 కంపనాలు) శబ్దానికి తరంగదైర్ఘ్యం సుమారు 8.6 మీటర్లు. అంత పొడవైన తరంగాన్ని సమర్థంగా బయటికి పంపాలంటే హార్న్ నోరు కూడా చాలా పెద్దదై ఉండాలి, అది ఒక్క బాక్సుతో అయ్యే పని కాదు. గంగమ్మ జాతరలో నాలుగైదు హార్న్ బాక్సులను పక్కపక్కన పేర్చినప్పుడు వాటి నోళ్లన్నీ కలిసి ఒకే పెద్ద నోరులా పనిచేస్తాయి కాబట్టి తక్కువ వాట్లతోనే గుండెలదిరే బాస్ వస్తుంది. అదే బాక్సును ఒంటరిగా పెళ్లి పందిట్లో పెడితే అడుగు స్వరాలు పలచబడతాయి. పైగా లోపల మడతపెట్టిన దారి రెండున్నర మీటర్లుంటే శబ్దం సుమారు 7 మిల్లీసెకన్లు ఆలస్యంగా వెలువడుతుంది. ఆ మేరకు పై స్వరాల స్పీకర్లకు కూడా డిలే (ఆలస్యం) ఇవ్వకపోతే డ్రమ్ము దెబ్బ చెదిరిపోతుంది.

ఒకటి రెండు బాక్సులతో ఊరూరా తిరిగే షాపుకు నా దృష్టిలో పోర్టు బాక్సే సరైనది. బాక్సు, పోర్టు కొలతలతో ట్యూన్ చేసిన ఫ్రీక్వెన్సీ వద్ద కోన్ (స్పీకర్‌లో ముందుకూ వెనక్కూ కదిలే భాగం) చాలా తక్కువగా కదులుతుంది, శబ్దంలో అధిక భాగం పోర్టులోని గాలి నుంచే వస్తుంది. అంతకంటే కిందికి దిగితే మాత్రం కోన్‌కు పట్టు తప్పుతుంది. మరీ కింది స్వరాలను ఆపే హైపాస్ ఫిల్టర్ పెట్టకుండా గట్టిగా వాయించేవారు స్పీకర్లను తరచూ రిపేరుకు మోసుకెళ్లవలసిందే. పోర్టు లేకుండా పూర్తిగా మూసేసిన సీల్డ్ బాక్సుకు ఈ బెడద తక్కువే గానీ, అంతే బాస్‌కు ఎక్కువ పవర్ అడుగుతుంది కనుక లైవ్ సౌండులో అరుదు.

ఎవరిదో బాక్సు కొలతలు చూసి ప్లైవుడ్ కోయడం వడ్రంగం, అదీ గౌరవమైన వృత్తే. స్పీకర్ మారితే ఘనపరిమాణం, పోర్టు పొడవు ఎంత మారాలో లెక్కకట్టగలిగినవాడికి మాత్రం తయారీ సంస్థల్లోనూ, పెద్ద వేదికల సౌండు పనుల్లోనూ చోటుంటుంది. 1961లో ఆస్ట్రేలియాలో థీల్, 1970లలో స్మాల్ అనే ఇంజినీర్లు ఈ లెక్కలకు రూపమిచ్చారు. ఈసీఈ విద్యార్థికి అవి కొరుకుడుపడనివి కావు.

అందువల్ల చివరి సంవత్సరం ప్రాజెక్టుగా ఒక పోర్టు బాక్సు చేయమనండి. సిగ్నల్ జనరేటర్, ఒక రెసిస్టర్, మల్టీమీటర్‌తో వేర్వేరు ఫ్రీక్వెన్సీల వద్ద ఇంపెడెన్స్ (కరెంటుకు స్పీకర్ ఇచ్చే అడ్డు) కొలిచి గ్రాఫు గీస్తే, రెండు శిఖరాల మధ్య పల్లం ఎక్కడ పడిందో అదే ట్యూనింగ్ ఫ్రీక్వెన్సీ. తన లెక్కకూ ఆ పల్లానికీ ఎంత తేడా వచ్చిందో, ఎందుకు వచ్చిందో అతడు రాసుకోవాలి. డిప్లొమా పూర్తయ్యాక ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి ర్యాంకు తెచ్చుకుంటే బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. తిరుపతిలోని ఎస్వీయూ ఇంజినీరింగ్ కళాశాలలోనూ ఈసీఈ ఉంది. అప్పటిదాకా సెలవుల్లో షాపు పనిని మాన్పించకండి.