నిమ్మ షర్బత్ పాత్రకు కంట్రోల్ ప్యానెల్

ప్రశ్న: మాది పొదలకూరు. నిమ్మకు ధర లేని రోజుల్లో కాయలను తెగనమ్ముకునే బదులు ఇంటి వెనుక షెడ్డులో షర్బత్ తయారు చేద్దామనుకుంటున్నాము. పాకం అడుగంటకుండా రెండు పొరల స్టీలు పాత్ర చేయించాము. పొరల మధ్య 60 లీటర్ల నీరు పడుతుంది. ఆ నీటికి 3 కిలోవాట్ల హీటర్లు రెండు, దానిని తిప్పడానికి ఒక చిన్న పంపు ఉన్నాయి. 85 డిగ్రీల దగ్గర నిలిపే పీఐడీ కంట్రోలర్ పెడితే ఇక మనిషి కాపలా అక్కరలేదని మా ఎలక్ట్రీషియన్ అంటున్నారు. నిజమేనా? ప్యానెల్ ఎలా వేయించాలి?

జవాబు: వేడిని నిలపడం వరకు ఆయన మాట నిజమే గాని, కాపలా సంగతి వేరు. పీఐడీ కంట్రోలర్ హీటరును సాలిడ్ స్టేట్ రిలే (కదిలే భాగాలు లేని ఎలక్ట్రానిక్ స్విచ్) ద్వారా నడుపుతుంది. ఈ రిలే పాడైనప్పుడు చాలాసార్లు లోపల అతుక్కుపోయి కరెంటును వదులుతూనే ఉంటుంది కాబట్టి, కంట్రోలర్ ఆపమన్నా నీరు మరుగుతూనే ఉంటుంది. అందుచేత డ్రాయింగులో హీటర్లను ఆపే దారిని ముందుగా గీయించండి. రిలేలకు ముందు ఒక కాంటాక్టర్, అంటే కాయిల్‌కు కరెంటు అందినంతసేపే మూసి ఉండే పెద్ద స్విచ్, ఉండాలి. దాని కాయిల్‌కు పోయే తీగ ఎమర్జెన్సీ బటన్, నీటిమట్టం తగ్గితే తెరుచుకునే ఫ్లోట్ స్విచ్, పీఐడీతో సంబంధం లేకుండా 95 డిగ్రీల దగ్గర కట్ చేసే విడి థర్మోస్టాట్, ఈ మూడింటి గుండా వరుసగా వెళ్లాలి. అంతా సవ్యంగా ఉన్నప్పుడు మూసి ఉండే కాంటాక్టులనే వాడితే, ఎక్కడ తీగ ఊడినా హీటర్లు ఆగిపోతాయి. స్టార్ట్ బటన్‌కు హోల్డింగ్ కాంటాక్టు (బటన్ వదిలినా కాంటాక్టర్‌ను పట్టి ఉంచి, కరెంటు పోతే వదిలేసేది) కూడా పెట్టించండి. కరెంటు పోయి వచ్చినప్పుడు హీటర్లు వాటంతట అవి మొదలుకావు. వీటన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది: పొరల మధ్య నుంచి ఆవిరి పోయే గొట్టం ఎప్పుడూ తెరిచే ఉండాలి, దానికి వాల్వు బిగించకూడదు.

ఇక లెక్క. 30 డిగ్రీల నీరు 60 లీటర్లు 85కు చేరడానికి సుమారు 3.8 యూనిట్లు కావాలి. రెండు హీటర్లూ కలిస్తే, పాకానికి, పాత్రకు పోయే వేడిని పక్కన పెట్టి, 40 నిమిషాల పని. అయితే వోల్టేజీ 230 నుంచి 200కు పడితే 6 కిలోవాట్లు కాస్తా నాలుగున్నరకు దిగి, అదే పని 50 నిమిషాలు దాటుతుంది. అది హీటరు లోపం కాదు. ఒక్కో హీటరు 13 ఆంపియర్లు తీసుకుంటుంది గనుక దేనికది 20 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే పడిపోయే స్విచ్), 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేయించి, మెయిన్‌కు 32 ఆంపియర్ల డబుల్ పోల్ ఎంసీబీతోపాటు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే కట్ చేసేది) తప్పనిసరిగా పెట్టించండి. నీటి పక్కన పనిచేసే మనిషికి షాక్ కొడితే ఎంసీబీ పడదు. కాంటాక్టర్ కొనేటప్పుడు దాని మీద మోటార్లకు చెప్పే ఏసీ-3 ఆంపియర్ల అంకెను వదిలి, హీటర్లకు వర్తించే ఏసీ-1 అంకెను చూడండి. అదనపు లోడుకు కరెంటు ఆఫీసులో దరఖాస్తు చేయడం మరువవద్దు.

రిలేలు రెండూ కలిసి 30 వాట్ల దాకా వేడిని వదులుతాయి. నెల్లూరు ఎండల్లో రేకుల షెడ్డు కింద మూసిన పెట్టెలో అది తక్కువేమీ కాదు. రిలేల వేడిని లాగే హీట్‌సింక్ రెక్కలు పెట్టె బయటికి ఉండేలా అమర్చి, ప్యానెల్‌ను ఆవిరి తగలని గోడకు బిగించి, కేబుళ్లను అడుగు నుంచి గ్లాండ్ల (కేబుల్ చుట్టూ బిగిసే మూతల) ద్వారా తీసుకోండి. వేడిని కొలిచి కంట్రోలర్‌కు చెప్పే మూడు తీగల పీటీ-100 సెన్సార్‌ను పంపు తిప్పే నీటి దారిలో ఉంచండి. హీటరును ఆనుకొని ఉంటే అది తొందరపడి ఆపేస్తుంది. ఆటో ట్యూన్ (కంట్రోలర్ తన సెట్టింగులను తానే సర్దుకోవడం) నీరూ పాకమూ నిండుగా ఉన్నప్పుడే చేయాలి. ఖాళీగా చేసిన ట్యూనింగ్ దండుగ.

ప్రశ్న: కావలి నుంచి. మాకు 3 కిలోవాట్ల హీటరు ఒక్కటే. 16 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టుకోవచ్చా?

జవాబు: కాగితం మీద సరిపోతుంది. కానీ గంటల తరబడి 13 ఆంపియర్లు లాగితే, ఉప్పుగాలికి చిలుము పట్టిన సాకెట్‌లో పిన్నులు కాలిపోతాయి. ఆర్‌సీసీబీ నుంచి 20 ఆంపియర్ల డబుల్ పోల్ ఎంసీబీ ద్వారా నేరుగా తీగ లాగించి, పాత్రకు విడిగా ఎర్త్ ఇప్పించండి. న్యూట్రల్‌ను ఎర్త్‌గా వాడనివ్వకండి. హీటరు ఒక్కటే అయినా ఫ్లోట్ స్విచ్, విడి థర్మోస్టాట్, కాంటాక్టర్ ఉండవలసిందే.