200 గజాల్లో ఇల్లు: అనుమతి, తనిఖీ ఎలా జరుగుతాయి?

తెలంగాణలో 2020 భవన అనుమతుల చట్టం (టీఎస్-బీపాస్) ప్రకారం 75 గజాల లోపు ప్లాటులో 7 మీటర్ల ఎత్తు వరకు ఇంటికి పర్మిషన్ అక్కర్లేదు, రూపాయి కట్టి ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలు. మీ 200 గజాలకు, ఎత్తు 10 మీటర్లు దాటకపోతే, స్వీయ ధ్రువీకరణ (వివరాలు నిజమేనని మీరే ఇచ్చే హామీ) మీద అనుమతి వెంటనే వస్తుంది. అసలు పరిశీలన ఆ తర్వాతే. తప్పు వివరాలిచ్చారని తేలితే అనుమతి రద్దవుతుంది. ప్లాన్‌కి విరుద్ధంగా కట్టింది నోటీసు లేకుండానే కూల్చవచ్చు.

ఎక్కువమంది దెబ్బతినేది రోడ్డు దగ్గరే. ముందున్నది 20 అడుగుల (6 మీటర్ల) రోడ్డు అనుకోండి. నిబంధన 9 మీటర్ల వెడల్పు కోరుతుంది కాబట్టి రోడ్డు మధ్య నుంచి 4.5 మీటర్లు కొలవాలి. అంటే మీ స్థలంలో 1.5 మీటర్లు రోడ్డుకే పోతుంది. ముందువైపు సెట్‌బ్యాక్ (కట్టకుండా వదలాల్సిన ఖాళీ) 1.5 మీటర్లు ఆ కొత్త హద్దు నుంచి లెక్క, పాత ప్రహరీ నుంచి కాదు. మిగతా వైపులా మీటరు చొప్పున వదలాలి. ముగ్గు పోసేటప్పుడే టేపు పట్టించి చూసుకోండి, పిల్లర్లు లేచాక సర్దుబాటు ఉండదు.

ఎత్తు 7 మీటర్లు దాటితే కట్టే విస్తీర్ణంలో 10 శాతం మున్సిపాలిటీకి తనఖా పెట్టాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాన్ ప్రకారమే కట్టారని, ఇంట్లో ఉండొచ్చని ఇచ్చే పత్రం) వచ్చాకే ఆ తనఖా విడుదలవుతుంది. పని పూర్తవగానే ఈ సర్టిఫికెట్‌కి దరఖాస్తు చేయండి. అది లేకపోతే కరెంటు, నీళ్ల కనెక్షన్లకు మూడింతల చార్జీ వేసే నిబంధన ఉంది.