ఊరి పక్క విమానాశ్రయంలో ఉద్యోగానికి ఏ చదువు చదవాలి?

ప్రశ్న: మాది ఓర్వకల్లు దగ్గర పల్లె, వ్యవసాయ కుటుంబం. మా అమ్మాయి ఇంటర్మీడియట్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. ఇక్కడి విమానాశ్రయంలోనే ఉద్యోగం చేయాలని పట్టుదలగా ఉంది. ఏడాది ‘ఎయిర్‌పోర్ట్ మేనేజ్‌మెంట్’ డిప్లొమాకు లక్షన్నర కడితే ఉద్యోగం గ్యారంటీ అని ఒక సంస్థవారు చెబుతున్నారు. చేర్పించమంటారా?

జవాబు: ఆ డబ్బు ఇప్పుడే కట్టకండి. మీ అమ్మాయి కోరిక మంచిదే, ఎంపీసీ కూడా దానికి సరైన పునాదే. అయితే చిన్న విమానాశ్రయంలో ఉద్యోగాలు ఎవరు ఇస్తారో తెలుసుకున్న తరువాతనే చదువు సంగతి తేల్చుకోవాలి.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టిన మీ ఓర్వకల్లు విమానాశ్రయం నుంచి 2021 మార్చి 28న రాకపోకలు మొదలయ్యాయి. రన్‌వే పొడవు 2000 మీటర్లు. డెబ్బై ఎనభై మంది పట్టే ఏటీఆర్ విమానాలకు అది సరిపోతుంది. రోజుకు వచ్చిపోయే విమానాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు కనుక ఉద్యోగాలూ ఆ మేరకే ఉంటాయి. పైగా అక్కడ పనిచేసే అందరికీ జీతమిచ్చే యజమాని ఒక్కరు కారు. టికెట్ చూసి బోర్డింగ్ పాస్ ఇచ్చేవారు విమాన సంస్థకు గానీ, దాని తరఫున పనిచేసే గ్రౌండ్ హ్యాండ్లింగ్ సంస్థకు గానీ చెందినవారు. చిన్న ఊళ్లకు విమాన సేవలు అందించే కేంద్ర ప్రభుత్వ పథకం ఉడాన్ నిబంధనల ప్రకారం ఇలాంటి ప్రాంతీయ విమానాశ్రయాలకు పోలీసు, అగ్నిమాపక సేవలను రాష్ట్ర ప్రభుత్వమే ఉచితంగా సమకూర్చాలి కాబట్టి, ఆ పనుల్లో చేరాలనుకునేవారు ఆయా శాఖల నియామక ప్రకటనల కోసం చూడాలి. ఇంతమంది యజమానులు ఉన్నచోట ఒక ప్రైవేటు సంస్థ తన డిప్లొమాతో ఉద్యోగానికి గ్యారంటీ ఎలా ఇవ్వగలదు? ఇలాంటి డిప్లొమా చేసి నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో చాలామందికి దొరికినవి కౌంటర్ పనులూ సామాను ఎక్కించే పనులే. ఆ పనులు చిన్నవని నేను అనను. వాటిలో చేరడానికి లక్షన్నర ఖర్చు అవసరం లేదనే నా బాధ.

మీ అమ్మాయికి నేను గట్టిగా సూచించేది ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్, అంటే ఏటీసీ. విమానాల రాకపోకలను నియంత్రిస్తూ పైలట్లకు సూచనలిచ్చే పని ఇది. మన దేశంలో పౌర విమానాశ్రయాల్లో చాలావాటికి ఈ సేవలను అందించేది ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా. జూనియర్ ఎగ్జిక్యూటివ్ పోస్టుకు భౌతికశాస్త్రం, గణితం రెండూ ఉన్న బీఎస్సీ సరిపోతుంది. ఇంజనీరింగ్ చదివినవారు ఏదో ఒక సెమిస్టరులో ఈ రెండింటినీ చదివి ఉండాలి. సబ్జెక్టులు మేజర్, మైనర్ అని విడిపోతున్న ఈ రోజుల్లో, కళాశాలలో చేరకముందే ఆ రెండూ మార్కుల జాబితాలో కనిపిస్తాయో లేదో అడిగి ఖాయం చేసుకోండి. ఒక్క సబ్జెక్టు లేక అర్హత పోగొట్టుకున్న పిల్లలను చూశాను. జనరల్ కేటగిరీకి వయోపరిమితి 27 ఏళ్లు. కంప్యూటర్ పరీక్ష తరువాత స్వర పరీక్ష, వైద్య పరీక్ష ఉంటాయి. ఎంపికైనవారికి శిక్షణ కాలంలో భృతి ఇస్తారు, ఆ తరువాత మూల వేతనం నలభై వేల రూపాయల నుంచి మొదలవుతుంది. ఇంగ్లీషులో తడబడకుండా స్పష్టంగా మాట్లాడడం ఈ వృత్తికి ప్రాణం. గాలి దిశ, వేగం, మేఘాల ఎత్తు, ఎదురుగా వస్తున్న మరో విమానం, వీటన్నిటినీ మనసులో ఉంచుకొని రెండు మూడు చిన్న వాక్యాల్లో పైలట్‌కు చెప్పగలగాలి. కాబట్టి రోజూ కొంతసేపు ఇంగ్లీషులో గట్టిగా చదివించడం, మాట్లాడించడం ఈ వేసవి నుంచే మొదలుపెట్టండి.

అదే బీఎస్సీ భౌతికశాస్త్రంతో వాతావరణ శాఖలో సైంటిఫిక్ అసిస్టెంట్ పోస్టుకు కూడా స్టాఫ్ సెలక్షన్ కమిషన్ ద్వారా పోటీపడవచ్చు. విమానాశ్రయ వాతావరణాన్ని గమనించి నమోదు చేసేది ఆ శాఖే.

యంత్రాల మీద ఆసక్తి ఉంటే విమాన నిర్వహణ ఇంజనీరు కావచ్చు. ఇక్కడ చదువుకన్నా లైసెన్సు ముఖ్యం. శిక్షణ సంస్థకు పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ ఇచ్చే ‘కార్ 147’ ఆమోదం, అంటే విమాన నిర్వహణ శిక్షణకు అనుమతి, ఉందో లేదో డీజీసీఏ జాబితాలోనే చూసుకోవాలి, కరపత్రంలో కాదు. కోర్సు పూర్తయినంత మాత్రాన లైసెన్సు రాదు, డీజీసీఏ పరీక్షలు నెగ్గి, పనిచేస్తున్న విమానాల మీద అనుభవం కూడా సంపాదించాలి. ఏటీఆర్ వంటి టర్బైన్ విమానాలకు బీ1.1, శిక్షణకు వాడే సెస్నా వంటి పిస్టన్ ఇంజన్ విమానాలకు బీ1.2 అని విభాగాలు వేరు. ఆ సంస్థ ఏ విభాగంలో శిక్షణ ఇస్తుందో అడగండి.

పైలట్ శిక్షణ గురించి మీరు అడగలేదు గానీ, ఎవరో ఒకరు ఆ మాట ఎత్తుతారు. కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు విమానం నడపాలి. ఖర్చు అర కోటికి అటూ ఇటూ అవుతుంది. ముందు డీజీసీఏ గుర్తించిన వైద్యుల దగ్గర రెండో తరగతి, తరువాత మొదటి తరగతి వైద్య పరీక్షలు నెగ్గాలి. ఆ ధ్రువపత్రాలు చేతికి రాకముందు ఏ సంస్థకూ ఫీజు కట్టకండి, పొలం మాత్రం తాకట్టు పెట్టకండి.

ఓర్వకల్లులోనే పని చేయాలన్న ఆశను కొంచెం సడలించమని మీ అమ్మాయికి నెమ్మదిగా చెప్పండి. ఏటీసీ ఉద్యోగికి బదిలీలు తప్పవు. విమానాశ్రయాల స్థితి కూడా మారుతూ ఉంటుంది: 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకోవడంతో ప్రయాణికుల విమానాలన్నీ అక్కడికి తరలిపోయాయి, బేగంపేటలో శిక్షణ విమానాలు, ప్రైవేటు విమానాలు, ప్రత్యేక విమానాల రాకపోకలు మిగిలాయి. చేతిలో డిగ్రీ, లైసెన్సు ఉన్నవారు ఎక్కడికైనా వెళ్లగలరు.

ఆ డిప్లొమా సంస్థవారిని మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: కోర్సును గుర్తించింది ఎవరు, నిరుడు చేరిన వారిలో ఎంతమందికి ఏ సంస్థలో ఏ పని ఇప్పించారు, ఉద్యోగం రాకపోతే ఫీజు వాపసు ఇస్తారా. రాసి ఇవ్వకపోతే అక్కడితో ఆ మాట వదిలేయండి. అలాగే కళాశాల ప్రిన్సిపల్ ద్వారా విమానాశ్రయ డైరెక్టరుకు విద్యార్థుల సందర్శన కోసం ఉత్తరం రాయించండి. అనుమతి వస్తే, ఒక విమానం దిగి మళ్లీ ఎగిరేలోగా ఎంతమంది ఏయే పనులు చేస్తున్నారో మీ అమ్మాయి దగ్గరుండి చూసి, తనకు నచ్చిన పని ఏదో కాగితం మీద రాసుకుంటుంది. దరఖాస్తుల సంగతి ఆ తరువాత మాట్లాడుకుందాం.