పాత సైన్స్ ఫిక్షన్ సీరియల్స్‌లో ఎమోషనల్ సీన్లు కొత్తవాటికంటే ఎక్కువ తగులుతాయి అంటారు, నిజమేనా లేక నోస్టాల్జియానా?

నోస్టాల్జియా కాదండీ. మా నాన్న జీవితంలో మొదటిసారి స్టార్ ట్రెక్ (అంతరిక్ష నౌకలో తిరిగేవాళ్ళ కథలు చెప్పే అమెరికన్ సీరియల్) చూసిందే 76వ ఏట, బెంగళూరు మారతహళ్ళిలో మా ఇంట్లో. చిన్నప్పటి జ్ఞాపకం అనడానికి ఆయనకి అసలు ఛాన్సే లేదు. అందుకే ముందు ఆయన సంగతి చెప్తా.

అమ్మ పోయాక నాన్నని హిందూపురం నుంచి మా దగ్గరికి తెచ్చేసుకున్నాం. ఇక్కడ ఆయనకి పొద్దుపోదు, అపార్ట్‌మెంట్‌లో ఎవరి తలుపులు వాళ్ళు వేసుకుంటారు, పేపరు ఎనిమిదింటికల్లా అయిపోతుంది. ఒక ఆదివారం పొద్దున్నించీ ఒకటే వాన, నేను స్టార్ ట్రెక్‌లోనే నెక్స్ట్ జనరేషన్ అనే సీరియల్ ఐదో సీజన్ పెట్టుకుని కూర్చున్నా, 'ది ఇన్నర్ లైట్' అని 1992లో వచ్చిన ఎపిసోడ్. నాన్న వచ్చి పక్కన కూర్చుని "ఏం కథరా ఇది" అన్నారు. ఆయనకి ఆ ఇంగ్లీష్ అందదు, తెలుగు సబ్‌టైటిల్స్ లేవు (ఇన్ని కోట్లమందిమి ఉన్నాం, డబ్బులు కట్టి చూస్తున్నాం, కింద రెండు లైన్లు తెలుగులో వేయడానికి వీళ్ళకేం అడ్డమో నాకైతే అర్థం కాదు), సరే అని నేనే ఒక్కో డైలాగూ తెలుగులో చెప్తూ పోయా.

కథ ఏంటంటే, పికార్డ్ అనే స్పేస్ షిప్ కెప్టెన్ స్పృహ తప్పి కళ్ళు తెరిచేసరికి ఇంకో గ్రహం మీద ఉంటాడు, అందరూ కామిన్ అని పిలుస్తుంటారు, ఎలీన్ అని భార్య ఉంటుంది. మొదట నమ్మడు. ఏళ్ళు గడుస్తాయి, పిల్లలు పుడతారు, ఫ్లూట్ నేర్చుకుంటాడు, ముసలివాడైపోతాడు. అక్కడ దాదాపు 40 ఏళ్ళు అయితే షిప్‌లో అయ్యింది 25 నిమిషాలే. ఆ గ్రహం వెయ్యేళ్ళ కిందటే కాలిపోయింది, మేమూ ఒకప్పుడు బతికాం అని ఎవరో ఒకరికి తెలియాలని వాళ్ళు వదిలిన యంత్రం చూపించిన జీవితం అదంతా.

ఎలీన్ చనిపోయే సీన్ వచ్చింది. పెద్ద మాటలేం ఉండవు. నాన్న "ఇప్పుడేమందిరా ఆయమ్మ" అని అడిగారు. "చెప్పులు తీసి పక్కన పెట్టుకో, మర్చిపోవద్దు అంటోంది నాన్నా" అన్నా. నిజానికి ఆవిడ అన్నది బూట్లు, నా నోటికి చెప్పులే వచ్చింది.

నాన్న ఏమీ అనలేదు. కళ్ళజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకుని పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. మా అమ్మ కాపురానికి వచ్చిన రోజునుంచి పోయేదాకా ఆయన్ని సతాయించింది ఒక్క విషయానికే, గడపకి అడ్డంగా చెప్పులు విడుస్తారని. ఆ తర్వాత డైలాగులు నేను చెప్పలేదు, ఆయనా అడగలేదు, చివర్లో పికార్డ్ తన రూమ్‌లో ఒక్కడే కిటికీ దగ్గర నిలబడి ఆ ఫ్లూట్ వాయిస్తాడు చూడండి, దానికి తెలుగు అక్కర్లేదు కూడా. ఆ ఎపిసోడ్‌కి 1993లో హ్యూగో అవార్డ్ ఇచ్చారు, నాకు మాత్రం నాన్న రెండోసారి కళ్ళజోడు తీయడమే పెద్ద అవార్డు.

ఇప్పుడు కొత్తది చూడండి. పదో తరగతి చదివే మా అమ్మాయితో కలిసి స్టార్ ట్రెక్ డిస్కవరీ చూశా. రెండో సీజన్లో, 2019లో వచ్చింది, ఏరియమ్ అనే ఆఫీసర్ చనిపోతుంది. అప్పటిదాకా ఆమె బ్రిడ్జి (షిప్‌ని నడిపే గది) మీద అటూ ఇటూ కనబడటమే తప్ప ఆమె గురించి మనకేం చెప్పలేదు. చనిపోయే ఎపిసోడ్‌లోనే గబగబా ఆమె పాత జ్ఞాపకాలు చూపించి, భర్తని చూపించి, అందులోనే చంపేశారు. తర్వాతి ఎపిసోడ్‌లో అంత్యక్రియలు, ఒక్కొక్కరూ లేచి మాట్లాడటం, పాట, అందరి కళ్ళల్లో నీళ్ళు. మా అమ్మాయి మొదటి ఎపిసోడ్ నుంచీ వదలకుండా చూస్తోంది, అది మెల్లిగా నావైపు తిరిగి "నాన్నా, ఇంతకీ ఈమె పేరేంటి" అంది. పేరు కూడా గుర్తులేని మనిషి కోసం ఏడవమంటే ఎట్లా ఏడుస్తుంది పిల్ల! తెరమీద వాళ్ళే మన వంతు కూడా ఏడ్చేస్తున్నారు, వెనక వయొలిన్లు ఒకటి, మనకి మిగిలేదేంటి?

దూరదర్శన్‌లో జెయింట్ రోబో చూసినవాళ్ళు ఇక్కడ ఉంటారు కదా. 1967లో జపాన్‌లో మొదలైన సీరియల్, ఖర్చు తక్కువ, రోబో అంటే లోపల మనిషి ఉన్న సూట్. ఆఖరి ఎపిసోడ్‌లో వెనక్కి వచ్చేయమని, వాచీతో ఆ రోబోని నడిపే పిల్లాడు వాచీలో అరుస్తుంటాడు, అన్నాళ్ళూ చెప్పిన మాట జవదాటని రోబో మొదటిసారి మాట వినకుండా శత్రువుని పట్టుకుని అంతరిక్షంలోకి వెళ్ళిపోతుంది. దాని ముఖం కదలదు, కదిలే ముఖమే కాదది. అయినా మా వీధిలో పిల్లలం ఆ రోజు ఎవరమూ క్రికెట్‌కి వెళ్ళలేదు.

మా ఆఫీసులో ఒక కుర్రాడు టీ దగ్గర ఇదే వాదన పెట్టుకున్నాడు, సార్ మరి 2023లో వచ్చిన సీరియల్ ది లాస్ట్ ఆఫ్ అస్‌లో బిల్, ఫ్రాంక్ ఎపిసోడ్ సంగతేంటి అని. ఒప్పుకుంటా, అది చూసి నాకూ గొంతు పట్టేసింది. కానీ అది ఎట్లా కట్టారో చూడండి, మెయిన్ కథ పక్కన పెట్టి ఇద్దరు మనుషుల ఏళ్ళకేళ్ళ కాపురం ఒకే ఎపిసోడ్‌లో చెప్పారు, తోట, భోజనం, చిన్న చిన్న గొడవలు. అచ్చం పాత పద్ధతే కదా అది. తీసిన సంవత్సరం కొత్తది, అంతే.

ఇంకొక్కటి చెప్పాలి, ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం. ఆ రోజు పికార్డ్ ఫ్లూట్ వాయిస్తుంటే యాప్‌వాడు బొమ్మని కుదించి మూలకి నెట్టేసి తర్వాతి ఎపిసోడ్ పోస్టర్ వేశాడు, 5, 4, 3 అని లెక్కపెడుతూ. నాన్న కంగారుపడి "అయ్యో, తీసేశావేందిరా" అన్నారు. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఆటోప్లే ఆపేయండి, దయచేసి, ఇలాంటివి చూసేముందే ఆపేయండి. నాన్న ఇప్పటికీ నెలకోసారి "ఆ చెప్పుల కథ పెట్టరా" అంటారు, చివరి ఐదు నిమిషాలు నేను రిమోట్ చేతిలోనే పట్టుకుని కూర్చుంటా.