పొదుపు సున్నా, వాయిదాలు మూడు: హెడ్‌ఫోన్స్ కొనొచ్చా?

ప్రశ్న: రోజూ ప్రయాణంలో పాటలు వింటాను. నా కాస్ పోర్టా ప్రో హెడ్‌ఫోన్స్ ఫోమ్ పొడిపొడిగా రాలిపోతోంది. అదే పాత తరహాలో వైర్‌లెస్‌ది క్రెడిట్ కార్డు ఈఎంఐలో తీసుకుందామనుకుంటున్నాను. ఫోను, వాచీ ఈఎంఐలు ఇప్పటికే నడుస్తున్నాయి. పొదుపు అంటూ ఏమీ లేదు. ఫర్వాలేదా?

జవాబు: వద్దండి. మీ ప్రశ్నలో చివరి మాటలు చదివాక నాకే టెన్షన్ వచ్చింది. పొదుపు ఏమీ లేకుండా మూడో ఈఎంఐకి సిద్ధపడుతున్నారు! ఈ పొరపాటు చాలామంది చేస్తున్నారు, అందుకే జవాబిస్తున్నాను. ఒక్కో వస్తువుకు నెలకు ఎంత పడుతుందో చూసుకుంటారు. అన్నీ కలిపి ఎంతవుతుందో మాత్రం కూడుకోరు.

ఒక నెల జీతం రెండు వారాలు ఆలస్యమైందనుకోండి. మూడు వాయిదాలూ మీద పడతాయి. 'కార్డు బిల్లులో కనీస మొత్తం కడితే చాలు కదా' అని దయచేసి అనకండి. మిగిలిన బాకీకి నెలకు 3 శాతం వడ్డీ పడితే, చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుంది. పాటలు వినడానికి ఇంత వడ్డీ కడతారా?

ముందు అత్యవసర నిధి. అద్దె, తిండి, మందులు, నడుస్తున్న ఈఎంఐలు అన్నీ కలిపి ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలి. అంత ఒక్కసారి కుదరదు, ఒక నెల ఖర్చుతో మొదలుపెట్టండి. కార్డుకీ, ఫోన్ పేమెంట్లకీ ముడిపెట్టని వేరే ఖాతాలో వేయండి. జీతం పడిన రోజే దానంతట అదే అందులోకి వెళ్లేలా బ్యాంకులో ఏర్పాటు చేసుకోండి. ఫోను ఈఎంఐ అయిపోగానే ఆ మొత్తాన్ని కూడా ఇందులోకే మళ్లించండి. ఖర్చు పెట్టే అలవాటు పడకముందే మళ్లించాలి, ఆలస్యం చేస్తే ఆ డబ్బు కనబడదు.

ఆరోగ్య బీమా లేకపోతే అది కూడా ఆలోచించండి. స్నేహితుల దగ్గర చేబదులు మాత్రం వద్దు.

ఇక హెడ్‌ఫోన్స్ సంగతి. పోర్టా ప్రో 1984లో వచ్చింది, ఆ రూపం ఇప్పటికీ పెద్దగా మారలేదు. ఏడాది ఆగితే పాతబడిపోయే వస్తువు కాదది. పైగా మీది పాడైందని మీరెక్కడా రాయలేదు, రాలుతున్నది ఫోమ్ ఒక్కటే. ఆ ఫోమ్ ప్యాడ్లు విడిగా దొరుకుతాయి. పాతవి లాగేసి, కొత్తవాటి అంచును చుట్టూ సాగదీసి తొడిగితే సరిపోతుంది. ఫోనుకు 3.5 మిల్లీమీటర్ల జాక్ లేకపోతే చిన్న అడాప్టర్ తీసుకోండి. ఈ రెండూ చేతిలో ఉన్న డబ్బుతోనే కొనండి, కార్డు తీయకండి. ఆ ఆరు నెలల నిధిలో సగం, అంటే మూడు నెలల ఖర్చు పోగయ్యాక కూడా వైర్‌లెస్‌ది కావాలనిపిస్తే అప్పుడు మళ్లీ రాయండి.