బాత్రూమ్ గోడకి అలమర ఆనించకు

చి.ల.సౌ. లావణ్యకి,

మావయ్య దీవించి వ్రాయునది. కొండాపూర్ ఫ్లాట్ తాళాలు చేతికొచ్చాయని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇంట్లో ఆడపిల్ల సొంత జీతంతో ఇల్లు కొనడం నీతోనే మొదలు. వీధిలో నలుగురికీ చెప్పుకొచ్చాను. ఆ వెంటనే అక్క, "గోడలన్నీ తెలుపేనట, అలమరలకి హ్యాండిల్స్ కూడా ఉండవట, బయట ఒక్క వస్తువూ కనపడకూడదట" అంది. అప్పట్నుంచీ నాకు గుబులు. జీవితమంతా రంపం, రందా పట్టినవాణ్ణి, చాదస్తం అనుకున్నా సరే చదువు.

రంగుల సంగతి నువ్వే నాకు చెప్పగలవు. వైరింగ్ పాయింట్లు తేలాకే ఫాల్స్ సీలింగ్ కొట్టించు. వంటిల్లు హాల్లో కలుపుదామని బిల్డర్ని అడక్కుండా సుత్తి ఎత్తనివ్వకు. ఇప్పటి టవర్లలో చాలావాటికి మైవాన్ షటరింగ్, అంటే అల్యూమినియం అచ్చుల్లో పోసిన గోడలు. గోడే కాంక్రీటు, భవనం బరువు మోసేది అదే.

ఇల్లు ఖాళీగా కనపడాలంటే సామాను ఎక్కడికి పోతుంది? తలుపుల వెనక్కి. 26 కేజీల బియ్యం బస్తా, ఆవకాయ జాడీలు, సూట్‌కేసులు, ఇస్త్రీ బల్ల అన్నీ టేపు పెట్టి కొలిచాకే డ్రాయింగ్ గీయించు. దాచినవాటికి గాలి ఆడాలి. నా భయమంతా అక్కడే.

కాకినాడ ఇంట్లో పడగ్గది అలమర గుర్తుందా? నువ్వప్పటికి చిన్నపిల్లవి. బావ ఏదో పత్రికలో బొమ్మ చూసి, గోడలో కలిసిపోవాలి, నేల నుంచి స్లాబు దాకా సందు కనపడకూడదన్నాడు. ఆ గోడకి అవతల బాత్రూమ్. వెనక రెండంగుళాలు వదులుదాం బావా, కింద దిమ్మ కట్టిద్దాం అన్నాను. బొద్దింకలు చేరతాయని కొట్టిపారేశాడు. పైగా చవకని, చెక్కపొట్టు అదిమి చేసే పార్టికల్ బోర్డు తెప్పించాడు. అక్క ఇల్లు, బావ మాట. బిగించాం.

మరుసటేడు వానాకాలానికి తలుపు తీస్తే ముక్కవాసన. అక్క కలరా ఉండలు వేసింది, పోలేదు. దసరాకి పెళ్లినాటి పట్టుచీర బయటికి తీస్తే మడతల వెంట నల్లగా బూజు చుక్కలు. నేనొచ్చి వెనక బోర్డుకి ఉలి ఆనిస్తే, కొట్టక్కర్లేకుండానే దిగిపోయింది. నానిన అటుకుల్లా చేతికొచ్చింది. గోడలో పైపు జాయింటు ఎన్నాళ్లుగా కారుతోందో! విడిగా నిలబెట్టే బీరువా అయితే గోడ మీద చెమ్మ మచ్చ ఎప్పుడో కనపడేది. బావ మాత్రం తప్పు పైపుదీ కాదు, తనదీ కాదు, చెక్కదేనని నాతో వాదించాడు. అక్క ఒక్క మాటా అనలేదు. చీర నీడలో ఆరేసి, చుక్కలున్న వైపు లోపలికి మడిచి దాచుకుంది. నీ ఓణీల ఫంక్షన్‌కి కట్టుకుంది అదే. ఎవరూ కనిపెట్టలేదు, నువ్వు కూడా.

అందుకే చెబుతున్నా. బాత్రూమ్ గోడకి అలమర వద్దు. తప్పకపోతే కింద నాలుగంగుళాల దిమ్మ, వెనక ఖాళీ ఉండాలి. వెనక చెక్క స్క్రూలతో బిగిస్తే విప్పి చూసుకోవచ్చు. సింకు కిందా, దిమ్మ మీదా నీళ్లకి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్డే వాడించు. పలక మీద ఐఎస్ 710 ముద్ర నీ కళ్లతో చూడు. బిల్లులో 710 రాసి, మామూలు ప్లైవుడ్‌కి వేసే 303 ముద్రది దించేవాళ్లు ఉంటారు. ఆఫీసుందని పని అబ్బాయికి అప్పజెప్పకు, ఆ ఒక్కపూట సెలవు పెట్టు.

గ్యాస్ బండని కూడా నున్నటి తలుపు వెనక దాచేస్తారు. ఆ గ్యాసు గాలికన్నా బరువు, కారితే నేలబారునే చేరుతుంది. తలుపు అడుగున జాలీ ఉండి తీరాలి. అందం చెడుతుందని మీ డిజైనర్ అంటే నా నంబరివ్వు, నేను మాట్లాడతా.

ఇంత మాటన్నానని చిన్నబోకు తల్లీ. ఇల్లు నీది, తెలుపే వేసుకో. డ్రాయింగ్ ఖాయం చేసేముందు మాత్రం, పైపులు వెళ్లే గోడలకి ఎర్రగీత గీసి వాట్సాప్‌లో పంపు. మోకాళ్లు సహకరిస్తే బిగింపు నాటికి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో వస్తా. లింగంపల్లికి మీ ఆయన్ని పంపు, పనిముట్ల సంచి బరువుగా ఉంటుంది.

మీ మావయ్య