టీటీఎఫ్, ఓటీఎఫ్ సరే... ఆ ఫాంట్ ఎక్కడి నుంచి వచ్చింది?

ప్రశ్న: డిజైన్ కోర్సు రెండో సంవత్సరం చదువుతున్నాను. ఫాంట్ డౌన్‌లోడ్ చేస్తే టీటీఎఫ్, ఓటీఎఫ్, వోఫ్2 అని మూడు రకాల ఫైళ్లు వస్తున్నాయి. ఏది వాడాలి? ఫ్రెండ్స్ టెలిగ్రామ్‌లో తెలుగు ఫాంట్ల జిప్ ఫైలు ఒకటి పంపారు. వాటితో చేసిన పోస్టర్‌ను వేరే కంప్యూటర్లో తెరిస్తే తెలుగు పోయి ఇంగ్లిష్ అక్షరాలు వస్తున్నాయి.
- ఒక విద్యార్థిని, విజయవాడ

జవాబు: మొదటి రెండింటి తేడా గురించి టెన్షన్ వద్దు. ట్రూటైప్ (టీటీఎఫ్) 1991లో వచ్చింది, దాన్ని పెంచి ఓపెన్‌టైప్‌ను (ఓటీఎఫ్) 1996లో ప్రకటించారు. ఇవాళ టీటీఎఫ్ పేరుతో దొరికే చాలా ఫైళ్లలో ఉన్నదీ ఓపెన్‌టైపే. అక్షరం వంపుల్ని గీసే లెక్క వేరు, అంతే. పోస్టర్ మీద ఆ తేడా కంటికి ఆనదు. వోఫ్2 వెబ్‌సైట్ల కోసం కుదించిన రూపం, ఇన్‌స్టాల్ చేసుకోవడానికి కాదు.

మీ పోస్టర్ పాడవడానికి కారణం వేరే ఉంది. ‘స్త్రీ’ అనే మాటనే చూడండి. ప్రతి భాష అక్షరానికీ విడి కోడ్ ఇచ్చే యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే ఆరు కోడ్‌లు. ఏ ఒత్తు ఏ రూపంలో, ఎక్కడ కూర్చోవాలో ఫాంట్‌లోని పట్టికలు చెబుతాయి. పాత డీటీపీ ఫాంట్లలో ఈ ఏర్పాటు లేదు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టారు. ఫాంట్ తీసేస్తే కింద ఉన్న ఇంగ్లిష్ బయటపడుతుంది. ఇవీ టీటీఎఫ్ ఫైళ్లే కాబట్టి పేరు చూసి పోల్చుకోలేరు. టైప్ చేసిన మాటను కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగు తెలుగుగానే ఉంటే అది యూనికోడ్.

నాకు ఎక్కువ భయం ఆ జిప్ ఫైలు గురించే. ఫాంట్ అంటే ఉత్త బొమ్మల కట్ట అనుకుంటారు. ట్రూటైప్ ఫాంట్‌లో చిన్న సైజులో అక్షరాలను సరిదిద్దే సూచనలు ఉంటాయి, కంప్యూటర్ వాటిని ప్రోగ్రామ్‌లా నడుపుతుంది. 2011లో డుకు అనే మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) వర్డ్ ఫైల్లో దాచిన ఫాంట్ ద్వారానే విండోస్‌లోకి దూరింది. అప్పట్లో విండోస్ ఫాంట్లను తన గుండెకాయ లాంటి కెర్నెల్‌లోనే చదివేది. తప్పుడు ఫాంట్ తగిలితే మొత్తం కంప్యూటర్ దాడి చేసేవాళ్ల చేతిలోకి పోయినట్టే. విండోస్ 10 వచ్చాక ఆ పనిని తక్కువ అధికారాలున్న వేరే ప్రాసెస్‌కు మార్చారు. 2020లో టైప్ 1 అనే పాత రకం ఫాంట్లు చదివే చోట మరో లోపం బయటపడింది. విండోస్ 7కు దాని మరమ్మతు డబ్బు కట్టి సపోర్ట్ పొడిగించుకున్నవాళ్లకే అందింది. విండోస్ 7 మీదే నడుస్తున్న డీటీపీ సెంటర్లు ఇప్పటికీ ఉన్నాయి. పెన్‌డ్రైవ్ పట్టుకుని అక్కడికి వెళ్లేది మీలాంటి విద్యార్థులే.

ఆ జిప్‌లో ఈఎక్స్‌ఈ ఫైలున్నా (అది ఫాంట్ కాదు, నొక్కితే నడిచే ప్రోగ్రామ్), యాంటీవైరస్ ఆపేయమనే సూచన ఉన్నా మొత్తం డిలీట్ చేయండి. బ్రౌజర్‌లో ‘ఫాంట్ దొరకలేదు, అప్‌డేట్ చేయండి’ అని వచ్చినా నొక్కొద్దు, 2017లో ఈ ఎరతోనే చాలామందిని మోసం చేశారు. మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు వంటి చక్కటి తెలుగు యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా, లైసెన్స్‌తో సహా దొరుకుతుంటే ఊరూపేరూ లేని జిప్‌లు ఎందుకు?

యూనికోడ్ ఫాంట్ వేసినా ఒత్తులు విడిపోతున్నాయని చాలామంది రాస్తున్నారు. ఇన్‌డిజైన్ వంటి అడోబ్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పేరాగ్రాఫ్ సెట్టింగ్స్‌కు వెళ్లి, మన లిపులను సరిగ్గా కూర్చే వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోండి. కోట్లమంది చదివే లిపి సరిగ్గా కనబడటానికి ఇలా మూలనున్న సెట్టింగ్‌ను వెతుక్కోవాల్సి రావడం తయారీదారుల నిర్లక్ష్యమే.

ప్రెస్ వాళ్లు పాత ఫాంటే కావాలంటే ముందు యూనికోడ్‌లో టైప్ చేసి ఆ ఫైలు దాచుకోండి. కన్వర్టర్‌తో మార్చిన కాపీని మాత్రమే వాళ్లకివ్వండి. మార్చాక ప్రూఫ్ చదవండి, ఒత్తులు ఎక్కువగా అక్కడే ఎగిరిపోతాయి.